షెంగెన్ వీసా సెంటర్: కౌంటర్‌కు మంచి మార్కులు, లాంజ్‌కు మాత్రం కాదు

అమ్మకు, నాకు షెంగెన్ (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకే వీసా) టూరిస్ట్ వీసాలు వచ్చాయి. పాస్‌పోర్టులు చేతికి అందాయి కాబట్టి ఇప్పుడు తాపీగా ఈ రివ్యూ రాస్తున్నాను. ఇది కాన్సులేట్ గురించి కాదు. మన దగ్గర కాగితాలు, వేలిముద్రలు తీసుకుని కాన్సులేట్‌కు పంపే అప్లికేషన్ సెంటర్ గురించి. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. కౌంటర్ దగ్గర పనిని మాత్రమే చూస్తే ఐదుకు ఐదూ ఇచ్చేదాన్ని. తగ్గించిన మార్కులు ఎందుకో కింద చెప్తాను.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒక మాట. సెంటర్ వాళ్లకు వీసా ఇచ్చే అధికారం లేదు, ఆపే అధికారమూ లేదు. దరఖాస్తు పరిశీలించడం, నిర్ణయం తీసుకోవడం కాన్సులేట్ పని అని షెంగెన్ వీసా కోడ్‌లోనే (ఈ వీసాల నియమావళి) ఉంది. పక్క కౌంటర్‌లో ఒక పెద్దాయన తన బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపించి "ఇది సరిపోతుందా అమ్మా, వీసా వస్తుందా?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఆయన టెన్షన్ చూస్తే బాధేసింది. ఎంత అడిగినా ఆ అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. ఈ సంగతి పెద్ద అక్షరాలతో గోడ మీద రాసిపెడితే ఎంతమందికి మనశ్శాంతిగా ఉంటుందో!

అపాయింట్‌మెంట్ దొరకడమే అన్నిటికంటే కష్టం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. వేసవి ప్రయాణాలకు స్లాట్లు తెరిచిన కాసేపటికే అయిపోతున్నాయి. సైట్ కూడా సరిగ్గా ఆ సమయానికే మొరాయిస్తుంది. క్యాలెండర్ తెరుచుకుంటుంది, తేదీ నొక్కగానే మళ్లీ లాగిన్ పేజీకి తీసుకుపోతుంది. దీనికి ఒక మార్కు తీసేశాను.

ఏ దేశానికి అప్లై చేయాలన్నది చాలామందిని తికమక పెడుతుంది. ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి. పారిస్‌లో దిగినా, ఎక్కువ రోజులు గడిపేది రోమ్‌లో అయితే ఇటలీకే పెట్టుకోవాలి. రోజులు సమానమైతేనే ముందు అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. స్లాట్ తొందరగా దొరుకుతోందని వేరే దేశానికి పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి వినకండి. హోటల్ బుకింగ్‌లు ఒక దేశం పేరు, దరఖాస్తు ఇంకో దేశం పేరు చెబితే అనుమానం వస్తుంది, రావాలి కూడా.

ఇక కౌంటర్ సంగతి. మా కౌంటర్‌లో ఉన్నామె కాగితాలను ఊరికే లెక్కపెట్టి పక్కన పెట్టలేదు, ఒక్కోటీ చదివింది. పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు జారీ అయిందా, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుతుందా, రెండు ఖాళీ పేజీలు ఉన్నాయా అని చూసింది. ఇన్సూరెన్స్‌లో 30,000 యూరోల కవరేజ్ అంకె మీద వేలు పెట్టి, తేదీలను టికెట్లతో పోల్చుకుంది. అమ్మ ఖర్చులన్నీ నావే. నేను రాసిన స్పాన్సర్ లెటర్ ఫైల్‌లో వెనకెక్కడో ఉంటే బయటికి తీసి, అమ్మ దరఖాస్తు ఫారం వెనకే పెట్టింది. "ఖర్చు ఎవరు పెడుతున్నారు అన్నదే ముందు చూస్తారు మేడమ్, వెతుక్కునే పని పెట్టకూడదు" అంది. ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఏ ఆఫీసులోనైనా అరుదు.

వేలిముద్రల దగ్గర అమ్మకు కాస్త ఇబ్బంది అయింది. వయసు మీద పడితే వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి, మెషీన్ పట్టుకోదు. కుడి చేతి నాలుగు వేళ్లు పెట్టిన ప్రతిసారీ స్క్రీన్ మీద చూపుడువేలి దగ్గర ఎర్ర గుర్తే. అమ్మ కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కుతోంది. అక్కడి అబ్బాయి విసుక్కోలేదు. అద్దం తుడిచాడు, తడి టిష్యూ ఇచ్చి వేళ్లు తుడుచుకోమన్నాడు. "నొక్కకండమ్మా, ఊరికే ఆనించండి" అని తన చేత్తో చూపించాడు. వెనక క్యూ పెరుగుతున్నా తొందరపెట్టలేదు. చివరికి ఎర్ర గుర్తు పోయి పచ్చది వచ్చింది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు నిశ్చింతగా ఉండండి. ఈ ముద్రలు 59 నెలల దాకా మళ్లీ వాడుకునే వీలుంది. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవి అక్కర్లేదు.

ఇప్పుడు నాకు నచ్చని విషయం. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు (2024 జూన్ 11 నుంచి), ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45. వీసా రాకపోయినా అది తిరిగి రాదు. దాని మీద సెంటర్ సర్వీస్ ఛార్జ్ ఉంటుంది. మామూలుగా అది వీసా ఫీజులో సగానికి మించకూడదు. అంతవరకు న్యాయమే. ఆ తర్వాత మొదలవుతాయి ఎస్సెమ్మెస్, కొరియర్, ఫొటోకాపీ, ప్రీమియం లాంజ్. లాంజ్ గురించి "తీసుకుంటే మంచిది మేడమ్" అన్నారు. ఏం మంచిదని అడిగాను. కూర్చోవడానికి సౌకర్యం, క్యూ ఉండదు అన్నారు. వీసా త్వరగా వస్తుందని వాళ్లు అనలేదు, నిజమే. కానీ భయంతో ఉన్న మనిషికి ఆ "మంచిది" వేరేలా వినిపిస్తుంది. లాంజ్‌లో కూర్చున్నా, బయట బెంచీ మీద కూర్చున్నా ఫైల్ వెళ్లేది ఒకే కాన్సులేట్‌కు. ఆ ముక్క కూడా వాళ్లే చెప్పాలి. చెప్పనందుకు మిగతా అర మార్కు తీసేశాను.

నా మాట వింటే కొరియర్ ఒక్కటి తీసుకోండి, రెండోసారి తిరిగే పని తప్పుతుంది. ఎస్సెమ్మెస్ అక్కర్లేదు. సైట్‌లో ట్రాకింగ్ ఉచితంగానే ఉంది, అదీ "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క మాట తప్ప ఏమీ చెప్పదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. కాబట్టి ఇన్సూరెన్స్ తప్ప, డబ్బు వెనక్కి రాని బుకింగ్‌లు ముందే చేసుకోకండి.

కవరు తెరవగానే వీసా స్టిక్కర్ అక్కడికక్కడే చదవండి. పేరు, పాస్‌పోర్ట్ నంబర్ సరిచూసుకోండి. చెల్లే తేదీలు వేరు, ఉండగలిగే రోజులు వేరు. మాకు తేదీల మధ్య ఉన్న వ్యవధి కంటే ఉండే రోజులు తక్కువే ఇచ్చారు. అలాంటప్పుడు చివరి తేదీ చూసుకుని తిరుగు ప్రయాణం అంతవరకు పొడిగిస్తే, అనుమతి లేని రోజులు అక్కడ ఉన్నట్టు అవుతుంది. తప్పు కనిపిస్తే ప్రయాణానికి ముందే కాన్సులేట్‌కు రాయండి.