యూ-బూట్ కన్సోల్ మెసేజ్‌లు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

బోరు మోటార్లను ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే కంట్రోల్ బాక్సులు అనంతపురంలో మా వర్క్‌షాప్‌లో తయారవుతాయి. లోపల చిన్న లినక్స్ బోర్డు, దాన్ని బూట్ చేసేది, అంటే పవర్ రాగానే లినక్స్‌ను లోడ్ చేసి మొదలుపెట్టే ప్రోగ్రామ్, యూ-బూట్. అది కన్సోల్ మీద (సీరియల్ లైన్ ద్వారా బోర్డు మెసేజ్‌లు కనిపించే చోట) ఎంత మాట్లాడాలో మనమే నిర్ణయించుకునే ఏర్పాట్ల గురించే ఈ సమీక్ష.

నాకు బాగా నచ్చింది ఫైల్‌వారీగా డీబగ్ (తప్పులు వెతకడానికి వచ్చే అదనపు మెసేజ్‌లు) పెట్టుకునే వీలు. సందేహం ఉన్న కోడ్ ఫైల్‌లో ఇన్‌క్లూడ్ లైన్లన్నిటికంటే పైన లాగ్_డీబగ్ అని ఒక్క డిఫైన్ రాస్తే చాలు, ఆ ఫైల్ మెసేజ్‌లు మాత్రమే అదనంగా వస్తాయి. అన్నీ ఒకేసారి తెరిస్తే కష్టం. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్ల వేగం) దగ్గర సీరియల్ లైన్‌లో సెకనుకు 11,520 అక్షరాలే వెళ్తాయి, 80 అక్షరాల లైనుకు దాదాపు 7 మిల్లీసెకన్లు. ఈ ఆలస్యం తప్పుల్ని కూడా దాచేస్తుంది. ఒక బోర్డులో ఈథర్‌నెట్ చిప్ రీసెట్ అయ్యాక ఆగాల్సినంత సేపు కోడ్ ఆగేది కాదు. డీబగ్ ఉంటే నెట్‌వర్క్ వచ్చేది, తీసేస్తే పోయేది. మెసేజ్ ప్రింటయ్యే ఆ కాస్త సమయమే దాన్ని నడిపించింది!

చిరాకు పెట్టేది పేర్ల గందరగోళం. కాన్ఫిగ్_లాగ్‌లెవెల్ వేరు, కాన్ఫిగ్_లాగ్ కింద ఉండే మ్యాక్స్ లెవెల్ వేరు. మ్యాక్స్ లెవెల్ అంటే ఏ స్థాయి వరకు మెసేజ్‌లను బైనరీలో (తయారైన ప్రోగ్రామ్‌లో) చేర్చాలో చెప్పే అంకె, దాని డిఫాల్ట్ 6. డీబగ్ మెసేజ్‌ల స్థాయి 7. అందుకే బోర్డు మీద లాగ్ కమాండ్‌తో లెవెల్ 7 పెట్టినా ఏమీ రాదు, ఆ మెసేజ్‌లు బైనరీలోనే ఉండవు. పెంచితే సైజు పెరుగుతుంది. ఎస్‌పీఎల్ (యూ-బూట్‌కంటే ముందు నడిచే దాని చిన్న తొలి భాగం) చిప్ లోపలి చిన్న మెమరీ ఎస్‌రామ్‌లో ఇమడాలి కాబట్టి అక్కడ నేను ఎర్రర్లు తప్ప ఇంకేవీ ఉంచను.

ఇక సైలెంట్ కన్సోల్, అంటే మెసేజ్‌లేవీ చూపించకుండా బూట్ చేసే ఏర్పాటు. రైతుల దగ్గరికి వెళ్లే బాక్సుల్లో ఇదే వాడతాం. కళ్యాణదుర్గం వైపు సర్వీసుకు వెళ్లిన కుర్రాడు ఒకసారి ఫోన్ చేశాడు: "అన్నా, బోర్డు సచ్చిపోయినట్టుంది, స్క్రీన్ మీద ఏమీ రాలేదు." ఎల్‌ఈడీ మాత్రం వెలుగుతూనే ఉందంట. సైలెంట్ పెడితే యూ-బూట్ తాను మౌనంగా ఉండడమే కాదు, బూట్ ఆర్గ్స్‌లో (లినక్స్‌కు అందించే సెట్టింగుల్లో) కన్సోల్ విలువను మార్చేసి లినక్స్ నోరు కూడా మూయిస్తుంది. సైలెంట్_లినక్స్ వేరియబుల్‌కు నో అని ఇస్తే లినక్స్ కెర్నల్ మెసేజ్‌లు తిరిగి వస్తాయి. బూట్‌డిలే (లినక్స్ మొదలుపెట్టే ముందు యూ-బూట్ ఆగే సెకన్లు) 1 ఉంచితే ఇంకా మేలు: ఆ సెకనులో కీ నొక్కి ఆటోబూట్ ఆపితే మౌనం తొలగి ప్రాంప్ట్ కనిపిస్తుంది. మా సర్వీసు కుర్రాళ్లందరికీ మొదట నేర్పేది ఇదే.