గోపబంధు–ఆయుష్మాన్ కార్డు: ఏరు దాటే వైద్యం, ఏరు దాటని బడి సీటు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగువాళ్లకు పెద్ద జబ్బు చేస్తే రెండే దారులు. ఒకటి బరంపురంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంకేసీజీ. రెండోది సరిహద్దు దాటి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, అక్కడా కాకపోతే విశాఖ. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఉంది. అయినా ఒడిశా రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అది వర్తించేది కాదు. 2018లో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన వచ్చాక రాష్ట్రం బయట వైద్యానికి దారి దొరికింది కానీ, ఒడిశా సర్కారు ఒప్పందం చేసుకున్న ఆసుపత్రులకే పోవాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ 11న ఒడిశాలో కేంద్రపు ఆయుష్మాన్ భారత్, రాష్ట్రపు గోపబంధు జన ఆరోగ్య యోజన ఒకే కార్డుగా కలిపి మొదలయ్యాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు.

అందరూ ఈ అంకెలే చెప్పుకుంటారు. కార్డు అసలు విలువ పోర్టబిలిటీలో ఉంది. అంటే దేశంలో ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా కార్డు చెల్లాలి. ఇక్కడ సర్కారు సొమ్ము ఆసుపత్రి గోడలకు కాకుండా రోగి వెంట నడుస్తుంది. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో చదువుల కోసం ప్రతిపాదించిన వోచరుకు, అంటే సర్కారు సొమ్ముతో నచ్చిన బడి ఎంచుకునే చీటీకి, మన దేశంలో ఇంత దగ్గరగా వచ్చిన పథకాలు తక్కువ. ఒక చోట సరిగా చూడకపోతే లేచి ఇంకో చోటికి పోగలగడమే పేదవాడికి గౌరవం. ఈ ఒక్క కారణానికే పదిలో ఏడు మార్కులు ఇవ్వొచ్చు.

వాడుకలో తొలి చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా గుమాస్తా చివర రాస్తాడు. రేషన్ కార్డులో ఒడియా లిపిలో ఎక్కిన పేరు ఇంగ్లీషులోకి మారేసరికి ‘అప్పారావు’లో ఒక ‘ప’ ఎగిరిపోతుంది. ఈ-కేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపు సరిచూసేటప్పుడు, ఆధార్ పేరుకూ రేషన్ పేరుకూ పొంతన కుదరకపోతే దరఖాస్తు పై అధికారి ఆమోదం కోసం ఆగుతుంది. ముందు రేషన్ కార్డులో పేరు దిద్దించి, ఆ తర్వాత కేవైసీకి వెళ్తే ఒకటే తిరుగుడు. రెండో చిక్కు వేలిముద్ర. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు పిక్క నూనెకు కాలి గీతలు అరిగిపోతాయి, మెషిన్ నాలుగుసార్లు పెట్టినా ఎర్ర దీపమే. అప్పుడు ముఖం చూపించే పద్ధతి గానీ ఓటీపీ గానీ అడగాలి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న నంబరే జోడించి ఉండాలి.

ఊరు దాటే ముందు చూడాల్సింది ఆసుపత్రి పేరు కాదు, విభాగం. ఆయుష్మాన్ పథకపు పీఎంజేఏవై వెబ్‌సైటులో జిల్లా, స్పెషాలిటీ ఎంచుకుంటే జాబితా వస్తుంది. ఎముకలకు ఒప్పందం ఉన్నచోట గుండెకు ఉండకపోవచ్చు. బోర్డు చూసి వెళ్లి బల్ల దగ్గర వెనక్కి తిరిగేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. కొన్ని ప్యాకేజీలు, అంటే ధర ముందే కట్టిన చికిత్సలు, ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించి ఉంటాయి, వాటికి ప్రైవేటులో అనుమతి రాదు. పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి, ప్యాకేజీ పేరు చెప్పి అడిగి బయల్దేరితే బస్సు ఖర్చు మిగులుతుంది.

ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర బల్ల దగ్గర ముందస్తు అనుమతి పెట్టిస్తారు. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలో భాగమే. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ చేతికిచ్చి బయట కొనుక్కోమంటే అక్కడే అడగండి. డిపాజిట్ కట్టమంటే రసీదు ఇమ్మనండి. రసీదు మాట ఎత్తగానే డిపాజిట్ మాట తరచుగా ఆగిపోతుంది. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఉత్త ఓపీకి మాత్రం కార్డు పనికిరాదు. బీపీ, షుగరు మాత్రలకు నెలనెలా పోయే డబ్బు ఇంటికి అసలు బరువు, దాన్ని ఈ కార్డు తాకదు.

ఇక ఆసుపత్రులు ఈ కార్డు చూసి ఎందుకు ముఖం చిట్లిస్తాయంటే, ధర ఢిల్లీలో ఖాయమవుతుంది. బిల్లు సొంత రాష్ట్రపు రోగిదైతే 15 రోజుల్లో, పక్క రాష్ట్రపు రోగిదైతే 30 రోజుల్లో చెల్లించాలని నిబంధన. గడువు దాటితే చిన్న నర్సింగ్ హోమ్ జీతాలకు అప్పు చేయాలి. మందుల కంపెనీ ఆగదు, ఆక్సిజన్ వాడు ఆగడు. కాబట్టి అదే మంచం డబ్బు కట్టేవాడికి ఖాళీగా ఉంటుంది, కార్డువాడికి నిండిపోతుంది. దీన్ని డాక్టర్ల దురాశ అని తిట్టి వదిలేయడం సులువు. కానీ ఏ సరుకుకైనా ధర తొక్కిపెట్టి, బాకీ ఆలస్యం చేస్తే జరిగేది ఇదే. గజపతి (పర్లాకిమిడి ఉన్న జిల్లా), రాయగడ, కొరాపుట్ కేంద్రం వెనకబడినవిగా గుర్తించిన ‘ఆకాంక్షిత జిల్లాలు’ కాబట్టి ప్యాకేజీ మీద 10 శాతం ఎక్కువ ఇస్తారు. పది శాతానికి విశాఖలో ఇల్లు కట్టుకున్న సర్జన్ రాయగడ జిల్లా గుణుపురం రాడు. ఇక్కడ ధర ఇక్కడి కొరతను బట్టి పెరగనివ్వాలి.

మార్కెట్ వాదానికీ ఇక్కడ ఒక హద్దు ఉంది, అది దాచకూడదు. గుండె నొప్పితో పడిపోయినవాడు నాలుగు ఆసుపత్రుల ధరలు పోల్చుకోలేడు. రోగికీ డాక్టరుకూ తెలిసినదానిలో ఉన్న తేడా గురించి ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే రాశాడు. పైగా బిల్లు రోగి కాకుండా మూడోవాడు, అంటే సర్కారు, కడితే అక్కర్లేని కోత కూడా పడుతుంది. ఆరోగ్యశ్రీ తొలినాళ్లలో గర్భసంచి తొలగింపుల మీద అంత విమర్శ వచ్చింది అందుకే. మోకాలు, కంటి శుక్లం, హెర్నియా లాంటివి వేరు. వాటికి ఆగి, అడిగి, ఎంచుకునే వ్యవధి ఉంటుంది. ఆ ప్యాకేజీ ధరలు, ఏ ఆసుపత్రికి ఎన్ని రోజుల్లో సొమ్ము అందుతోందన్నది బల్ల ముందు తెలుగులో, ఒడియాలో రాసి పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

చదువు దగ్గరికి వస్తే మనసు కష్టపడుతుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు. ఇదీ ఒక రకం వోచరే, కానీ కాళ్లు కట్టేసిన వోచరు. కేంద్ర నమూనా నియమాల్లో అయిదో తరగతి దాకా ‘దగ్గరి బడి’ అంటే 1 కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది దాకా 3. ప్రభుత్వం తన బడిలో పిల్లకు పెట్టే ఖర్చు, ఆ బడి ఫీజు, ఈ రెంటిలో తక్కువైనదే చెల్లిస్తుంది. తాత మోకాలు రాష్ట్రం దాటి బాగవుతుంది, మనవరాలి సీటు వీధి దాటదు. అదే సొమ్ము పిల్ల వెంట వస్తే తెలుగు చెప్పగల టీచరుకు జీతమిచ్చే చిన్న బడి ఒకటి పర్లాకిమిడిలో నిలబడుతుంది.

మళ్లీ కార్డు దగ్గరికి వస్తే, ఇంట్లో 70 నిండినవాళ్లు ఉంటే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్‌లోనే పెద్దవాళ్ల కోసం ఉన్న వయ వందన కార్డు వస్తుంది. ఇప్పటికే పథకంలో ఉన్న కుటుంబమైతే వాళ్లకు వేరుగా మరో 5 లక్షలు. వయసు ఆధార్‌లో ఉన్నదే లెక్క. చాలామంది పెద్దవాళ్లకు అందులో పుట్టిన ఏడు ఉజ్జాయింపుగా వేసి ఉంటుంది, కాబట్టి ముందు అది చూసుకోండి. కేవైసీ ఒంట్లో బాగున్నప్పుడే చేయించాలి. ఐసీయూ తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని ముఖం సరిపెట్టడం ఎవరివల్లా కాదు.