ఫిల్మ్ సిటీకి ఫ్యామిలీతో వెళ్తున్నారా? ఆ టెంట్ల వాడికి మాత్రం అడ్వాన్స్ కొట్టకండి

రాత్రే ఇంటికొచ్చి పడ్డాం, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే తిన్నగా విషయానికొస్తున్నా. దసరా సెలవులకి పిల్లల్ని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్దామని కారులో బయల్దేరాం. మన రాజోలు, అమలాపురం వాళ్ళకి అదో సుఖం, రావులపాలెంలో హైవే ఎక్కి బెజవాడ మీదుగా పోతే హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడకముందే ఫిల్మ్ సిటీ వచ్చేస్తుంది. తంటా అంతా ఎక్కడ దిగాలన్న దగ్గరే వచ్చింది. లోపలే సితార, తార, శాంతినికేతన్, సహారా అని వాళ్ళ హోటళ్ళున్నాయి. మా ఆవిడ మొదట్నుంచీ "ఖర్చయినా అక్కడే దిగుదామండీ, అత్తయ్యగారు కూడా వస్తున్నారు" అంటూనే ఉంది. మా బావమరిదేమో ఫిల్మ్ సిటీ బయట టెంట్లలో బస ఇచ్చే ఒకడి రీల్స్ చూపించి "బావా, ఆరుగురికీ కలిపి 12,000, భోజనం, క్యాంప్ ఫైర్ అన్నీ అందులోనే" అన్నాడు. మీరూ చూసే ఉంటారు, పసుపు లైట్ల దండలు, మంచం వేసిన పెద్ద టెంటు, వెనకాలే బాత్‌రూమ్, గిటార్ వాయించే కుర్రాడు. ఆ పేజీయే. పేరు రాయను, మన వైపు వాట్సాప్‌లో తిరగని ఊరు లేదు.

6,000 అడ్వాన్స్ పంపాం. అప్పటిదాకా మెసేజ్ పెడితే చాలు "సార్ సార్" అని రిప్లై.

చీకటి పడ్డాక ఆ క్యాంపుకి చేరాం. గేటు దగ్గరే ఆపి, ముందు బ్యాలెన్స్ కొట్టండి, తర్వాత టెంట్ చూపిస్తాం అన్నాడు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని కారులో కూర్చుంది, పిల్లలు ఆకలో అని ఏడుపు, వాన తుంపర. కొట్టేశాం. డబ్బులు పడ్డట్టు వాడి ఫోన్ మోగాక అప్పుడు టార్చిలైట్ వేసి తీసుకెళ్ళాడు. చూస్తే రెండు చిన్న గుడారాలు, పాక్కుంటూ లోపలికి దూరాలి. కింద పరుపు ఓ మూల తడిసి ఉంది. బాత్‌రూమ్ ఎక్కడంటే బురదలో ఆ చివర, క్యాంపు మొత్తానికి అదే. ఫోటోలో టెంటు ఏదయ్యా అంటే "అది వేరే వాళ్ళకి ఇచ్చేసినం అన్నా."

సరే, మేనేజర్‌తో మాట్లాడదామని వెళ్ళాను. కుర్చీలో వెనక్కి వాలి ఫోన్ చూసుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. మా అమ్మకి డెబ్బై దాటాయండీ, వంగి లోపలికి దూరలేదు, రాత్రి రెండుసార్లు లేవాలి, దోమలు కూడా పీక్కుతింటున్నాయి, కనీసం సగం డబ్బులిచ్చేయండి, వేరే చోటికి పోతాం అని మర్యాదగానే చెప్పాను. వాడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "క్యాంపింగ్ అంటే గిట్లనే ఉంటది. హోటల్ కావాలంటే హోటల్‌కే పోవాలె. మీది కోనసీమ అంటున్రు కదా, కొబ్బరి తోటల్ల పెరిగినోళ్ళకి దోమలు కొత్తనా?" పక్కనున్న కుర్రాళ్ళు పకపకా నవ్వారు. మా పిల్లాడు నా చెయ్యి పట్టుకుని అక్కడే ఉన్నాడు, పిల్లాడి ముందే అన్నాడా మాట.

ఒరే నాయనా, కోనసీమలో మేం చెట్టెక్కి పడుకోవట్లేదు. కొబ్బరి తోటలోనే ఉన్నా మా ఇంటికి కప్పుంది, తలుపుంది, గడియ పెట్టుకునే బాత్‌రూముంది, మంచానికి దోమతెర ఉంది. అతిథికి కూర్చోడానికి కుర్చీ వేసి, తాగడానికి నీళ్ళిచ్చి, అప్పుడు మాట్లాడతాం. ఆ మాట అక్కడే అనాల్సింది. నోరు పెగల్లేదు, కారు తాళాలు తీసుకుని వచ్చేశాను. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

అర్ధరాత్రి హయత్‌నగర్ దాకా తిరిగి ఓ లాడ్జిలో రెండు రూములు పట్టాం. పొద్దున్న పిల్లలు లేస్తేగా! ఫిల్మ్ సిటీ అంటే వాళ్ళ బస్సుల్లో తిప్పి చూపిస్తారు, షోలన్నీ టైముకే ఉంటాయి, పొద్దున్నే గేటు దగ్గరుంటే తప్ప కుదరదు. మధ్యాహ్నానికి వెళ్ళి, అంత టికెట్ పెట్టి, సగం కూడా చూడకుండా వచ్చాం. ఇక మా బావమరిది ఇప్పుడు "అడ్వెంచర్ కదా బావా" అంటున్నాడు. వాడి సంగతి తర్వాత.

ఆ టెంట్ల వాడిని డబ్బులడిగితే రూల్స్ చదవండి అని ఒక మెసేజ్ పెట్టి నా నంబర్ బ్లాక్ చేశాడు. బిల్లు ఇవ్వలేదు. పేమెంట్ స్క్రీన్‌షాట్లు, ఆ టెంట్ల రీల్, వాడు పెట్టిన మెసేజ్‌లు ఉన్నాయి. 1915కి ఫోన్ చేశాను, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కే వెళ్తా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, వాడి కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు.

మీలో ఎవరైనా బుక్ చేసి ఉంటే, బ్యాలెన్స్ మాత్రం టెంటు చూశాకే ఇవ్వండి. వీడియో కాల్‌లో బాత్‌రూమ్ చూపించమనండి, నెట్‌వర్క్ లేదంటే వదిలేయండి. కుర్రాళ్ళు సరదాగా వెళ్తే వాళ్ళిష్టం. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే మామూలు రూమే తీసుకోండి, గేటుకి దగ్గర్లో, కింది అంతస్తులో.