మాట్లాడుతుంది, పాడదు: నాలుగేళ్లుగా అమ్మ దగ్గరున్న స్మార్ట్ స్పీకర్

2020 చివర్లో రాజమండ్రిలో ఉన్న అమ్మ కోసం చిన్న స్మార్ట్ స్పీకర్ కొన్నాను. కంటి ఆపరేషన్ తర్వాత ఆమెకి ఫోన్‌లో అక్షరాలు చదవడం కష్టమైంది. నోటితో అడిగితే కీర్తనలు, పాత పాటలు, రేడియో వస్తాయంటే అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. మేం కొన్న మోడల్‌కి ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు అర్థం కాదు. అయినా అమ్మ నాలుగైదు ఇంగ్లీషు మాటలు నేర్చుకుని వారంలోనే దాన్ని దారికి తెచ్చుకుంది. వంటింటి గూట్లో పెట్టాం. ఆ గదికి సౌండ్ బాగా సరిపోతుంది. గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, మృదంగం లోతు మాత్రం రాదు. ఆ ధరకి అది పెద్ద లోపం కాదు.

నా అసలు ఫిర్యాదు వేరే. ఈ నాలుగేళ్లలో అది నాలుగుసార్లు పాట మానేసింది. కారణం ఏమిటో ఒక్కసారీ చెప్పలేదు.

మొదటిసారి సంక్రాంతికి వెళ్లి మేమంతా తిరిగొచ్చిన మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, ఇది మాట్లాడుతోంది గానీ పాడట్లేదురా" అంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. రీసెట్ చేస్తే వైఫై, ఖాతా అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఒంటరిగా ఉన్న పెద్దావిడకి చెప్పే సలహా కాదది. నేను యాప్ తెరిచి సెట్టింగులు ఒక్కొక్కటే చూశాను. పాటలు ఏ స్పీకర్‌లో రావాలి అన్నచోట పడకగదిలో ఉన్న రెండో స్పీకర్ పేరు ఉంది. పండక్కి వచ్చిన మేనల్లుడు మార్చి వదిలేశాడు. "అమ్మా, పడకగది తలుపు తీసి విను" అన్నాను. మూసిన తలుపు వెనక, సన్నగా, పాట పాడుతూనే ఉంది. జవాబు ఒక స్పీకర్‌లో, పాట ఇంకో స్పీకర్‌లో రావచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

రెండోసారి వచ్చిన తేడా పట్టుకోవడానికి పది రోజులు పట్టింది. పొద్దున్న కీర్తన మొదలై మధ్యలో ఆగిపోయేది. ఇంటర్నెట్‌లోనే వచ్చే రేడియో మాత్రం ఎంతసేపైనా ఆగేది కాదు. అంటే ఇంటర్నెట్ బాగానే ఉందన్నమాట. అమ్మ టైమ్ రాసిపెట్టింది: రోజూ తొమ్మిదింబావు, తొమ్మిదిన్నర మధ్య. అది హైదరాబాద్‌లో నేను ఆఫీసుకి బయల్దేరి కారులో పాటలు పెట్టుకునే వేళ. పాటలకి ఇద్దరం వాడేది ఒకే ఖాతా, ఒక్కరి ప్లాన్. అలాంటి ప్లాన్‌లో ఒకసారికి ఒకచోటే పాట వస్తుంది. ఇక్కడ నేను మొదలుపెట్టగానే అక్కడ అమ్మ పాట ఆగిపోతోంది. ఆ సంగతి తెలిసినప్పుడు చాలా బాధేసింది. ఆ సాయంత్రమే ఫ్యామిలీ ప్లాన్ తీసుకుని, అమ్మ పేరున వేరే ఖాతా తెరిచి స్పీకర్‌కి కలిపాను.

మూడోది కొత్త ఫైబర్ కనెక్షన్‌తో వచ్చింది. టైమ్ అడిగితే చెప్పేది. పాట గానీ రేడియో గానీ పెడితే అర నిమిషం వచ్చి తెగిపోయేది. మాది పాత ఇల్లు, గోడలు మందం. కొత్త రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల వైఫై సిగ్నళ్లూ ఒకే పేరుతో ఉన్నాయి. 5 వేగమైనదే కానీ గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది. స్పీకర్ దాన్నే పట్టుకుని కూర్చుంది. ఒక ముక్క జవాబుకి ఆ కాస్త సిగ్నల్ చాలు. పాటకి అలా కాదు, ఆగకుండా వస్తూనే ఉండాలి. తర్వాత ఊరెళ్లినప్పుడు రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి స్పీకర్‌ని 2.4కి మార్చాను. అప్పటినుంచి తెగలేదు.

చివరిది కరెంటు సంగతి. వోల్టేజి ఎక్కువతక్కువలకి అసలు అడాప్టర్ పోతే అమ్మ పాత ఫోన్ ఛార్జర్ పెట్టింది. పిన్ సరిపోయింది, లైట్లు వెలిగాయి. సౌండ్ కాస్త పెంచితే చాలు, మొత్తం ఆగి మళ్లీ మొదటినుంచి ఆన్ అయ్యేది. మా స్పీకర్‌కి కావాల్సింది 5 వోల్టులు, 1.8 ఆంపియర్లు. ఆ ఛార్జర్ ఇచ్చేది 1 ఆంపియరే. సరైన అడాప్టర్ కొన్నాం, అంతటితో పోయింది.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే నేను అడిగేవి రెండే. "టైమ్ అడుగు." చెబితే స్పీకర్ పాడవలేదు, సౌండ్ బొత్తిగా తగ్గించి కూడా లేదు. "రేడియో పెట్టు." రేడియో వచ్చి పాటలు రాకపోతే పాటల ఖాతా చూడాలి. రెండూ వచ్చి తెగిపోతుంటే వైఫై. జవాబు వచ్చి, పాట పెట్టానని కూడా చెప్పి, తర్వాత ఏమీ వినిపించకపోతే పాట ఇంకో స్పీకర్‌కో టీవీకో పోతోందేమో చూడాలి. అసలు నోరే మెదపకపోతే సౌండ్, ఆ తర్వాత అడాప్టర్. స్పీకర్ పక్కన ఉండే స్విచ్ మైకుది మాత్రమే, వస్తున్న పాట దానితో ఆగదు, కానీ మైకు ఆపి ఉంటే మనం అడిగింది దానికి వినపడదు. రీసెట్ అన్నిటికన్నా చివర. మాకు ఇప్పటిదాకా ఒక్కసారీ అవసరం పడలేదు.

ఇన్ని ఇబ్బందులు పడ్డా, చూపు సరిగ్గా లేని పెద్దవాళ్లున్న ఇంటికి దీన్ని కొనమనే చెబుతాను. కాకపోతే కొన్న రోజే వాళ్ల పేరున ఖాతా తెరవండి, అసలు అడాప్టర్ మీద స్కెచ్ పెన్‌తో స్పీకర్ అని రాయండి. తయారుచేసేవాళ్లని కోరేది ఒకటే: పాట ఆగినప్పుడు 'ఈ ఖాతా ఇంకోచోట వాడుతున్నారు' అని ఆ స్పీకరే చెప్పాలి. టైమ్ చెప్పగలిగిన దానికి అదేం కష్టం కాదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ పది రోజులు గడియారం చూస్తూ కాగితం మీద రాసుకోవాల్సి వచ్చేది కాదు.