డెబ్రెత్సెన్: స్థలం ఇస్తారు, బిల్లు మాత్రం అడగకూడదు

హంగరీలో రెండో పెద్ద నగరమైన డెబ్రెత్సెన్‌లో పరిశ్రమ పెట్టదలచిన వారికి చదునైన భూమి, రహదారి, విమానాశ్రయం, చదువుకున్న యువత అన్నీ ఉన్నాయి. సొంత ఖర్చుతో వచ్చి నాలుగు చోట్ల విచారించుకుని పోదామనుకునే చిన్న వ్యాపారికి సక్రమమైన బిల్లు ఇచ్చే బస దొరకడమే కష్టమని నవంబరులో అక్కడికి వెళ్లి తెలుసుకున్నాము. బాలానగర్‌లో మాకు రేకును అచ్చులతో నొక్కి భాగాలు చేసే చిన్న ప్రెస్ షాపు ఉంది. వాహనాలకు కావలసిన రేకు బ్రాకెట్లు, క్లాంపులు చేస్తాము. లెక్కలు చూసే మా బావగారు నాతో వచ్చారు. ఆయన శాకాహారి, పైగా ఆకలి వేస్తే మాట్లాడరు, కోపం వస్తే అసలు ఆగరు. ఈ ప్రయాణంలో రెండూ జరిగాయి. మా మేనకోడలు అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదువుతూ ఉండడం మాకు కలిసివచ్చింది. లేకపోతే కథ ఇంకోలా ఉండేది.

ఇంత దూరం ఎందుకు వెళ్లామంటే, 2018లో బీఎండబ్ల్యూ ఈ ఊరిని ఎంచుకున్నప్పటి నుంచి విడిభాగాలు చేసేవారి నోట ఈ పేరు నానుతూ ఉంది. ఊరికి వాయవ్యంగా దాదాపు 400 హెక్టార్లలో, అంటే మన లెక్కలో వెయ్యి ఎకరాలకు కొంచెం తక్కువ స్థలంలో, ఏడాదికి 1,50,000 విద్యుత్ కార్లు చేయగల కర్మాగారం కట్టి 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. దక్షిణాన 221 హెక్టార్లలో చైనాకు చెందిన సీఏటీఎల్ సంస్థ 734 కోట్ల యూరోల అంచనాతో 100 గిగావాట్ అవర్ల బ్యాటరీ కర్మాగారాన్ని 2022 ఆగస్టులో ప్రకటించింది. రెండు లక్షల జనాభా ఉన్న ఊరికి ఇవి చిన్న సంగతులు కావు. పెనుకొండకు కియా వచ్చాక దాని వెంట విడిభాగాల వారు ఎలా వచ్చారో మాకు తెలుసు కనుక, ఇక్కడ కూడా కార్ల కంపెనీకి నేరుగా సరుకు ఇచ్చే మొదటి వరుస వారి వెనుక, రెండో మూడో వరుసలో మాకు చోటు ఉంటుందేమో చూద్దామనుకున్నాము.

బుడాపెస్టులోని న్యుగతి స్టేషను నుంచి రెండున్నర గంటల రైలు ప్రయాణం హాయిగా గడిచింది; మనిషికి దాదాపు 5,000 ఫోరింట్లు అయింది. ఫోరింటు అంటే మన పావలా కంటే కాస్త ఎక్కువ అనుకుంటే లెక్క సులభం.

ఇక బస సంగతి. పియత్స్ వీధికి దగ్గరలో, వ్యాపార ప్రయాణికులకు అనువైనదని ప్రకటించుకున్న రెండు గదుల అపార్టుమెంటును రాత్రికి 24,000 ఫోరింట్ల చొప్పున, అరవై శాతం ముందుగా కార్డుతో చెల్లించి తీసుకున్నాము. మనిషి ఎవరూ ఎదురు రాలేదు. తలుపు పక్కన అంకెల తాళం ఉన్న చిన్న పెట్టె, అందులో తాళంచెవి, ఫోనుకు వచ్చిన ఒక సందేశం, అంతే. సందేశంలో ఇచ్చిన అంకెలు పనిచేయలేదు. చేతులు కొంకర్లు పోయే చలిలో, మంచు పొగలో, రాత్రి తొమ్మిది దాటాక, బావగారు ఒక చేత్తో సూట్‌కేసు పట్టుకుని మరో చేత్తో ఆ అంకెల చక్రాలను తిప్పుతూ ఉంటే నేను యజమానికి ఫోను మీద ఫోను చేశాను. ముప్పావు గంట తర్వాత కొత్త అంకెలు పంపారు. క్షమాపణ లేదు. లోపల వేడినీళ్లు బాగానే వచ్చాయి, పరుపులు శుభ్రంగానే ఉన్నాయి, ఆ మాట కాదనను. వంటగదిలో మాత్రం ఒక్క గిన్నె, మూతలేని కెటిల్ తప్ప ఏమీ లేవు.

ఖాళీ చేసే రోజున అసలు వ్యవహారం బయటపడింది. మిగిలిన సొమ్ము నగదుగానే కావాలన్నారు. దాని మీద శుభ్రపరచినందుకు 12,000, ఆలస్యంగా దిగినందుకు 8,000 కలిపారు. అంకెలు తప్పు పంపింది వారు, ఆలస్యం ఖాతా మాది. అయినా సర్దుకుని, కంపెనీ పేరుతో బిల్లు ఇమ్మని బావగారు అడిగారు, ఎందుకంటే ఆ కాగితం లేకపోతే మా పుస్తకాల్లో ఈ ఖర్చు రాసుకోవడానికి వీలుండదు. బిల్లు కావాలంటే మొత్తం మీద మరో 27 శాతం వ్యాట్ కట్టాలని జవాబు వచ్చింది. హంగరీలో సాధారణ వ్యాట్ 27 శాతమే, ఐరోపా సమాఖ్యలో అన్నిటికంటే ఎక్కువ. అయితే వసతి గదులకు 2020 నుంచి 5 శాతమే వర్తిస్తుంది. బయలుదేరే ముందే పన్నుల పట్టిక చదివి వచ్చిన మనిషితో ఈ బేరం పెట్టుకోవడం ఆ యజమాని దురదృష్టం. మేనకోడలు ఫోనులో హంగేరియన్‌లో మాట్లాడుతూ ఉంటే బావగారు పక్క నుంచి తెలుగులో అందిస్తూనే ఉన్నారు. ఆమె అందులో సగం మాత్రమే అనువదించిందని తర్వాత చెప్పింది.

ఆ అమ్మాయి అడిగిన ఒక ప్రశ్నతోనే చివరికి పని జరిగింది. వీళ్ల పాస్‌పోర్టులను మీరు స్కాను చేశారా అని అడిగింది. 2021 సెప్టెంబరు నుంచి హంగరీలో ఏ బసలోనైనా అతిథి గుర్తింపు పత్రాన్ని స్కాను చేసి ప్రభుత్వ వ్యవస్థకు పంపడం తప్పనిసరి. మమ్మల్ని ఎవరూ పాస్‌పోర్టు అడగనే లేదు. ఆ మాట విన్నాక అవతలి గొంతు తగ్గింది, ఆలస్య రుసుము 8,000 పోయింది, కానీ బిల్లు మాత్రం ఈనాటికీ రాలేదు. నా సలహా మొహమాటం లేకుండా చెబుతున్నాను: డెబ్రెత్సెన్‌లో పాస్‌పోర్టు అడగని బసలో దిగకండి, గది తీసుకునే ముందే బిల్లు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి, సమాధానం దాటవేస్తే మరొకటి చూసుకోండి. ఆ తర్వాత మేము నాద్యెర్దో అనే పెద్ద అడవి వైపున్న ఒక చిన్న హోటలుకు మారాము. ఉదయపు ఫలహారంతో రాత్రికి 31,000. ఎదురు బల్ల దగ్గరి ఆవిడ పాస్‌పోర్టులు యంత్రంలో పెట్టి తీసి, కంపెనీ పేరు, చిరునామా అక్షరం అక్షరం అడిగి రాసుకుని, వెళ్లేటప్పుడు బిల్లు కవరులో పెట్టి ఇచ్చింది. బావగారు ఆ కవరును భద్రంగా కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు.

ఈ చేదు పక్కన పెడితే, పెట్టుబడులను ఆహ్వానించే పనిని ఆ నగరం ఎలా చేస్తుందో చూసి నిజంగా ముచ్చట పడ్డాను. నగరపాలక సంస్థ తరఫున పెట్టుబడిదారులతో మాట్లాడే వారిని ముందుగా సమయం తీసుకుని కలిశాము. కుర్చీలో కూర్చోబెట్టి వీడియో చూపిస్తారనుకుంటే, మాకు ఎన్ని టన్నుల ప్రెస్సులు ఉన్నాయి, ఎంత విద్యుత్ భారం కావాలి, ఎందరు మనుషులు కావాలి అని నేరుగా అడిగారు. కంపెనీ లాభాల మీద పన్ను 9 శాతం, అది ఐరోపా సమాఖ్యలోనే తక్కువ. స్థానిక వ్యాపార పన్ను గరిష్ఠంగా 2 శాతం, కానీ అది లాభం మీద కాదు, ముడిసరుకు వంటివి తీసివేసిన అమ్మకాల మీద. ఉద్యోగి జీతం మీద యజమాని కట్టే సామాజిక పన్ను 13 శాతం. ఈ మూడింటినీ వారే ఒకే కాగితం మీద రాసి చూపించారు. రెండో అంశం చూడగానే బావగారు నా వైపు తిరిగి, నష్టం వచ్చినా కట్టాల్సిందే బావా అన్నారు. అది నిజం. తక్కువ లాభంతో నడిచే మావంటి పనికి 9 శాతం కంటే ఆ 2 శాతమే బరువు.

విదేశీ కుటుంబాల పిల్లల కోసం 2019లో అంతర్జాతీయ పాఠశాల తెరిచారు. కర్మాగారం కట్టడం మొదలుకాకముందే ఇంజనీర్ల భార్యలు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నారన్నమాట. మన వైపు పరిశ్రమల భూములు కేటాయించే వారు ఈ ఒక్క విషయం గమనిస్తే బాగుండునని అనిపించింది.

అయితే మర్యాద వేరు, మా పరిమాణానికి తగిన చోటు వేరు. నగరం దగ్గర ఉన్నవి హెక్టార్ల లెక్కలో అమ్మే స్థలాలు; మాకు కావలసింది 800 చదరపు మీటర్ల షెడ్డు. దానికోసం ఒక ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్లాము. చదరపు మీటరుకు నెలకు ఐదున్నర యూరోలని ఫోనులో చెప్పాడు, అంటే నెలకు 4,400 యూరోలు. చేతికి వచ్చిన కొటేషనులో నిర్వహణ ఖర్చు కింద చదరపు మీటరుకు మరో 1.20 యూరోలు చేరి 5,360 అయింది. వ్యాట్‌తో కలిపితే 6,807. అక్కడ కంపెనీ నమోదు చేసుకుంటే వ్యాట్ తిరిగి వస్తుంది కనుక దాని గురించి గొడవ లేదు, కానీ నిర్వహణ ఖర్చును నోట పలకకపోవడం, ఐదేళ్ల లోపు ఖాళీ చేయరాదన్న షరతును ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టడం మాకు నచ్చలేదు. పెద్ద కర్మాగారాలు వచ్చిన ఊళ్లో అద్దెలు పెరగడం సహజమే. ఐదేళ్లు కట్టిపడేసే అద్దెతో చిన్నవాడు ఆర్డరు రాకముందే షెడ్డు తీసుకోలేడు, షెడ్డు లేనివాడికి ఆర్డరు రాదు.

విశ్వవిద్యాలయం సంగతి మేనకోడలి వల్ల దగ్గరగా చూడగలిగాము. రైల్వే స్టేషను దగ్గర ఒకటో నంబరు ట్రాం ఎక్కితే పియత్స్ వీధి మీదుగా పసుపుపచ్చని పెద్ద ప్రొటెస్టెంటు చర్చి పక్క నుంచి నేరుగా అడవి అంచున ఉన్న ప్రధాన భవనం దాకా తీసుకుపోతుంది. ఇక్కడి చదువుకు మూలం 1538లో మొదలైన ప్రొటెస్టెంటు కళాశాల; విశ్వవిద్యాలయంగా ఏర్పడింది 1912లో. ఇంగ్లీషులో వైద్యవిద్య 1980ల చివరి నుంచి సాగుతున్నందువల్ల ట్రాంలో నైజీరియా, ఇరాన్, భారత్ విద్యార్థులు పక్కపక్కనే కనిపిస్తారు. ఇంజనీరింగులో తరగతి గది కొన్ని వారాలు, కర్మాగారం కొన్ని వారాలు అన్న పద్ధతిలో నడిచే ద్వంద్వ శిక్షణ ఉంది. కంపెనీ ఆ కాలానికి విద్యార్థికి జీతం ఇస్తుంది, చదువు ముగిసేసరికి చేతిలో పని తెలిసిన మనిషి ఉంటాడు. మా వంటి వారికి పన్ను రాయితీ కంటే ఇది ఎక్కువ విలువైనది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2021లో ఈ విశ్వవిద్యాలయం ప్రభుత్వం చేతి నుంచి ఒక ట్రస్టు చేతికి మారింది. అటువంటి ట్రస్టుల విషయంలో ప్రయోజనాల సంఘర్షణ భయంతో ఐరోపా సమాఖ్య మండలి 2022 డిసెంబరులో వాటితో కొత్త ఒప్పందాలను నిషేధించింది. విద్యార్థుల మార్పిడికి ఇచ్చే ఎరాస్మస్, పరిశోధనకు ఇచ్చే హొరైజన్ నిధులు దాని పరిధిలోకే వస్తాయి. విశ్వవిద్యాలయంతో కలిసి సమాఖ్య నిధులతో పరిశోధన చేద్దామని ఎవరైనా లెక్క వేసుకుంటే ముందు ఆ సంగతి విచారించుకోవాలి. మాకు అది అవసరం లేదు, రేకు అచ్చులు చేసుకునే వాళ్లకు హొరైజన్‌తో పనేమిటి.

ఊరి జనం ఈ కర్మాగారాలను ఏకగ్రీవంగా హత్తుకున్నారనుకుంటే పొరపాటు. బ్యాటరీ కర్మాగారంపై 2023 జనవరిలో జరిగిన బహిరంగ విచారణ అరుపులు కేకలతో నడిచింది. వర్షం తక్కువగా పడే మైదానం ఇది. అన్ని నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, రసాయనాలు పొలాల్లోకి రాకుండా ఎవరు చూస్తారు అన్నదే జనం ప్రశ్న. తీసా నది నీటిని ఊరి వైపు తెచ్చే సివాక్వా పథకం ఒకటి నడుస్తోంది. మేము ఎక్కిన టాక్సీ డ్రైవరు దక్షిణ పారిశ్రామికవాడ గేటు దగ్గర బండి ఆపి, మీటరు తిరుగుతూనే ఉండగా, తన బావి నీళ్ల గురించి చాలాసేపు చెప్పాడు. 6,400 ఫోరింట్లు అయింది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వారి బ్యాటరీ కర్మాగారం కడుతున్న చోట కూడా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అడగాలి కూడా.

తిండి విషయంలో మాత్రం ఊహించని సంతోషం కలిగింది. ఈ ఊరు సాసేజీలకు పేరుపడినది; బావగారు రెండు పూటలు వేయించిన చీజు ముక్కతో సరిపెట్టుకుని మౌనవ్రతం పట్టారు. మూడో పూట మేనకోడలు మమ్మల్ని ఆఫీసు ఉద్యోగులు మధ్యాహ్నం తినే ఒక చిన్న భోజనశాలకు తీసుకుపోయింది. పళ్లెంలో చిక్కటి ఆకుపచ్చ కూర, పక్కన ఉడికించిన బంగాళాదుంపలు. గుడ్డు వద్దంటే తీసేశారు. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే బావగారు తల ఎత్తి, ఇది మన చుక్కకూరే అన్నారు. అచ్చంగా అదే కాకపోయినా దానికి దగ్గరి చుట్టమైన ఆకు. పులుపు చచ్చేలా కాస్త పంచదార, పుల్లటి మీగడ వేసి వండుతారు. మిరపకాయ లేదని బాధ తప్ప వంక పెట్టడానికి లేదు. సూపుతో కలిపి 2,300 ఫోరింట్లు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపల వెళితేనే ఈ ధరకు దొరుకుతుంది. సాయంత్రం అదే వీధిలో అంతకు రెట్టింపు అడుగుతారు. మర్నాడు కూడా అక్కడికే వెళ్లాము, ఆ రోజు మాత్రం పళ్లెంలో గుమ్మడికాయ కూర వచ్చింది.

ఒక ఆదివారం ఖాళీ దొరికితే హోర్తోబాజ్ మైదానానికి వెళ్లారని చెప్పుకునే వాళ్లు ఉంటారు. 1973లో హంగరీ ప్రకటించిన మొదటి జాతీయ పార్కు అది. మేము ఆ ఆదివారం కొటేషన్లు సరిచూసుకుంటూ హోటల్లోనే ఉన్నాము.

మొత్తం మీద షెడ్డు తీసుకోలేదు. ముందుగా నమూనాలు పంపి, అక్కడి మొదటి వరుస సరఫరాదారుల్లో ఎవరైనా ఆర్డరు ఇస్తే సరుకును గిడ్డంగిలో నిల్వ ఉంచి అందించే ఏజెన్సీ ద్వారా ఏడాది నడిపి, ఆ తర్వాతే అద్దె సంగతి ఆలోచిద్దామని నిర్ణయించుకున్నాము. నెలకు 5,360 యూరోలు మా బాలానగర్‌లో పదిమంది ఆపరేటర్ల జీతానికి పైమాటే. నగర కార్యాలయం వారు మాత్రం ఉత్తరం రాసిన రెండు రోజుల్లో జవాబు ఇచ్చారు. చిన్న యూనిట్ల కోసం విభజించిన షెడ్లు ఎప్పుడైనా అందుబాటులోకి వస్తే తెలియజేస్తామన్నారు, మా విద్యుత్ భారం అంకెను మళ్లీ ఒకసారి సరిచూసి పంపమని కూడా అడిగారు. అది బావగారు పంపించారు.