సీన్యూస్: వార్తల కోసం పెడితే పంచాయితీ తగులుతుంది

ఫ్రెంచ్ చెవికి అలవాటు కావాలని ఓ ఏడాదిగా పొద్దున్నే సీన్యూస్ అనే ఫ్రెంచ్ వార్తా ఛానెల్ పెడుతున్నాను. ఫ్రాన్స్‌లో ఉచితంగానే వస్తుంది. చెప్పిందే పది రకాలుగా చెబుతారు కాబట్టి భాష నేర్చుకునేవాళ్లకి బ్రహ్మాండం. వార్తలు కావాలంటే మాత్రం వేరే ఛానెల్ చూసుకోండి.

తొమ్మిదింటికి పాస్కల్ ప్రో వస్తాడు. ఒకప్పుడు ఫుట్‌బాల్ విలేకరి, ఆ ఊపు ఇంకా పోలేదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు, ఎక్కడో జరిగిన ఒక నేరంతో మొదలెడతారు, అరగంట తిరిగేసరికి మాట వలసల మీదికి వచ్చి ఆగుతుంది. 2023లో పారిస్‌లో నల్లుల గోల నడుస్తుంటే, దానికీ వలసలకీ సంబంధం ఉందా అని అడిగాడంటే చూడండి! ఏ ఛానెల్ ఏ పార్టీదో తెలిసే టీవీ పెట్టే తెలుగువాడిని కాబట్టి నాకైతే పెద్దగా షాక్ తగల్లేదు.

మొదట్నుంచీ ఇలా లేదట. 1999లో ఐటెలె పేరుతో పుట్టింది. వ్యాపారవేత్త వాన్సాన్ బొలోరే చేతికొచ్చాక 2016లో జర్నలిస్టులు 31 రోజులు సమ్మె చేశారు, చాలామంది వెళ్లిపోయారు, మరుసటేడు పేరు మారింది. ఆ తర్వాత వలసలంటే పడని వ్యాఖ్యాత ఎరిక్ జెమూర్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. పెద్దవాళ్ల తోడు లేకుండా వచ్చిన వలస పిల్లల్ని దొంగలు, హంతకులు, రేపిస్టులు అని ఆయన అన్నందుకు 2021లో ఛానెల్‌కి 2 లక్షల యూరోల జరిమానా పడింది. ఆయనేమో 2022లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు.

అన్నిటికంటే ఘోరం 2024 ఫిబ్రవరిది. ఒక క్యాథలిక్ కార్యక్రమంలో తెర మీద పట్టిక వేశారు: ప్రపంచంలో మరణాలకు మొదటి కారణం అబార్షన్, 7.3 కోట్లు, దాని కింద క్యాన్సర్, కోటి. మామూలు గ్రాఫిక్స్‌లో, ఏదో జనాభా లెక్క చూపించినట్టు! మర్నాడు ఛానెల్ యాంకర్ లోరాన్స్ ఫెరారీ క్షమాపణ చెప్పింది, తర్వాత లక్ష యూరోల జరిమానా. అదే నెలలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, రాజకీయ నాయకులు మాట్లాడిన సమయం ఒక్కటే లెక్కపెడితే సరిపోదు, ఈ వ్యాఖ్యాతల మాటల్లో కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయో లేదో చూడమని టీవీల నియంత్రణ సంస్థకి చెప్పింది.

ఇంత జరిగినా ఆ మేలో బీఎఫ్ఎమ్‌ని దాటి వార్తా ఛానెళ్లలో మొదటి స్థానానికి వచ్చింది. స్టూడియో, బల్ల, నోరున్న నలుగురు, ఖర్చేముంది?

రెండు నక్షత్రాలు ఇస్తున్నా, రెండూ ఉచ్చారణకే. రాత్రి వార్తలకి ఫ్రాన్స్ ఇన్ఫో పెడతాను. పొద్దున కాఫీ టైములో మాత్రం, ఒప్పుకోవాలి, ఇంకా ఇదే మోగుతోంది.