మామిడి గుజ్జు యూనిట్‌కు ప్రతిపాదన రాయించుకున్నాము

తోతాపురి సీజను ముగియగానే యంత్రాలు ఖాళీగా పడి ఉండటమే చిత్తూరు దగ్గరున్న మా చిన్న మామిడి గుజ్జు యూనిట్‌కు పెద్ద సమస్య కావడంతో, పరిష్కారం చూపే ప్రతిపాదన రాసివ్వమని తిరుపతిలోని ఒక కన్సల్టెన్సీని అడిగాము. వాళ్లు వెంటనే రాయడానికి కూర్చోలేదు. రెండు రోజులు మా షెడ్డులోనే ఉండి, గుజ్జు తీసే పల్పర్ యంత్రం ఏ నెలలో ఎంత నడిచిందో కరెంటు బిల్లులతో సరిచూసి, మదనపల్లె టమాటా మార్కెట్‌కు వెళ్లి, ధర పడిపోయిన రోజుల్లో సరుకును ఏం చేస్తున్నారో రైతులనే అడిగి తెలుసుకున్నారు. ఖాళీ నెలల్లో టమాటా గుజ్జు తీయాలన్న సూచనను నేను నమ్మింది ఆ శ్రమను చూసే.

చిన్న ఆహారశుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉన్న సంగతీ చేర్చారు. అయితే మొదటి ప్రతిలో నిర్వహణ పెట్టుబడి, అంటే సరుకు కొనడానికీ రోజువారీ ఖర్చులకూ కావలసిన డబ్బు, లెక్క లేదు, బ్యాంకుకు వెళ్లే కాగితాల్లో అది చిన్న లోపం కాదు. చెప్పిన మరునాడే సరిచేసి ఇచ్చారు.